జ్వరంతో పోయిన తల్లి

బెనిన్ సిటీ స్టేడియం వెనక బాస్కెట్‌బాల్ మైదానం. ఎసోహే చేపల కొట్టు మూసి నేరుగా అక్కడికి వచ్చింది. ఎదురుగా కోచ్ ఒసాజే. ఆయన పక్కన, బంతి చంకన పెట్టుకుని, ఎసోహే పదిహేడేళ్ళ కూతురు అమెంజే.

"జ్వరమా? చచ్చేముందు ఎన్ని రోజులు మంచాన పడ్డాను, కోచ్ గారూ?"

"అమెంజే అమ్మగారూ, మెల్లగా. పిల్లలు ఆడుకుంటున్నారు, వింటారు."

"విననివ్వండి. చచ్చినదాని గొంతు రోజూ వినబడుతుందా? పొద్దున కోర్టు గుమాస్తా భార్య చేపలకని వచ్చింది. నన్ను చూసి 'యేసయ్యా' అంటూ బల్ల మీద కూలబడింది. నేను జ్వరంతో పోయానని కోర్టు ప్రమాణపత్రం టైపు కొట్టింది వాళ్ళాయనేనట."

"అది ఒట్టి కాగితం, అమ్మగారూ. కాగితం మీద..."

"మా వీధిలోంచి ఇటలీ వెళ్ళిన ఏడుగురు ఆడపిల్లలూ కాగితాల మీదే వెళ్ళారు. జడలల్లే పని అన్నారు. ఇద్దరు తిరిగొచ్చారు. ఆ ఇద్దరూ నోరు విప్పరు."

"నేను అలాంటివాణ్ణి కాను. ఇది అమెరికాలో కాలేజీ. చదువు, తిండి, గది, అన్నీ వాళ్ళే చూస్తారు. ఆరడుగుల రెండంగుళాల పిల్ల, అలాంటి పిల్లని..."

"ఆ ఎత్తు నేనిచ్చింది. మీరిచ్చింది కాదు."

"మూడుసార్లు ఫారం పంపాను. ఒక్కసారైనా సంతకం పెట్టారా?"

"రెండిట్లో చేపలు చుట్టాను. మూడోది పొయ్యిలో పెట్టాను."

"చూశారా! పద్దెనిమిది నిండని పిల్లకి కన్నవాళ్ళ సంతకం కావాలన్నారు. తండ్రి ఎలాగూ లేడు. తల్లి కూడా లేకపోతే సంరక్షకుడిగా నా సంతకం..."

"మీరే తల్లీ తండ్రీ. బాగుంది. నొప్పులు పడకుండా ఇంత కూతురు దొరికింది మీకు."

"శనివారం విమానం, అమ్మగారూ."

"ఎక్కదు. రేపే వెళ్ళి జడ్జి ముందు నిలబడతా. బతికే ఉన్నాను చూడండి అంటా. మిమ్మల్ని జైల్లో వేయిస్తా. బైబిలు మీద చెయ్యి పెట్టి నేను చచ్చానన్నది ఎవరు? మీరేనా? మాట్లాడరేం? మిమ్మల్నే!"

"అమ్మా."

"నువ్వు ఊరుకో. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం."

"అమ్మా, నేనే."

"ఏంటి నువ్వే?"

"ప్రమాణం చేసింది నేనే. కోచ్ గారు వద్దన్నారు. ఇంకో ఏడాది ఆగుదామన్నారు. ఏడాది ఆగితే ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేస్తారు."

"జ్వరమని చెప్పింది?"

"నేనే. ఎలా పోయిందని గుమాస్తా అడిగాడు. ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఏదో ఒకటి!"

"నువ్వు నా ఆట ఎప్పుడైనా చూశావా? ఒక్కసారి? ఈ మైదానానికి రావడం ఇదే మొదలు. అదీ తిట్టడానికి."

"నేనొచ్చి ఇక్కడ కూర్చుంటే చేపలు ఎవరమ్ముతారే? నీ బూట్లు ఎవరు కొంటారు?"

"బూట్లు కోచ్ గారు కొన్నారు."



"అమ్మగారూ, అది కోపంలో ఏదో... అమెంజే, నీ ఫోను. వాళ్ళే, కాలేజీ కోచ్. ఇప్పుడు తీయకు."

"ఇటివ్వు."

"అమ్మా, వద్దు. అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇవ్వమన్నానా! చచ్చినదానికి భయమేంటి? ... హలో. ఆఁ, వినబడుతోంది. అమెంజే ఇక్కడే ఉంది. ఏడుస్తోంది, ఏడవనీండి. ముందు నాకొకటి చెప్పండి. అక్కడ దిగాక దాన్ని తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు? మీరేనా? మీ పేరు? మళ్ళీ చెప్పండి. ఒకసారి ముఖం చూపించండి. ... ఊఁ. ప్రతి ఆదివారం అది నాకు ఫోన్ చెయ్యాలి. ఒక్క ఆదివారం తప్పినా వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. ... నేనా? నేను అమెంజే పిన్నిని. ... లేదమ్మా. వాళ్ళమ్మ బతికుంటే పంపేది కాదు."