గంజి లైనులో ముందు మనిషి

క్షమాపణ చెప్పల్లనా? ఎవరు వార్డెన్ సారూ, మా రామాంజులా? ఆ దివాకర్‌కా? బాగుండాదప్పా న్యాయం! కన్నతల్లిని నలుగురిలో ఎగతాళి చేసినోడు హాస్టల్లో కాలు మీద కాలేసుకోని కూసోనుండాడు, దాన్ని ఓర్చుకోలేకపోయినోడు వచ్చి వాని ముందర చేతులు కట్టుకోవల్లనా?

పన్ను రాలిందంటారు. రాలింది, కాదనను. అన్నం తినే పళ్లెంతో కొట్టింది తప్పే. మీరు పంపిన నోటీసు మా ఊరి బడి అయివారు సదివి చెప్పినాడులే. పది దినాల్లో వచ్చి అందరి ముందర తప్పు ఒప్పుకోకపోతే పేరు కొట్టేస్తాం అని. ఈ పొద్దుకు తొమ్మిది దినాలు. వచ్చే నెల ఇంటర్ పరీక్షలు. అందుకే పొద్దున్నే బత్తలపల్లె దాంకా నడిచొచ్చి బస్సెక్కినా. వాడు రానంటే రానన్నాడు, నేనొచ్చినా. కుర్చీ వద్దులే సారూ, ఈడ్నే కూసుంటా. నాకు నేలే అలవాటు.

ఆ పిల్లోడు ఏమన్నాడో మీ చెవిన పడిందా? పిల్లోళ్లంతా హాలులో టీవీ ముందర కూసోని అన్నం తింటాండారంట. కరువుకు గవర్నమెంటోళ్లు మా ఊర్లో పెట్టిన గంజి కేంద్రం చూపిచ్చినారంట. అందరికంటే ముందర నేను. చేతిలో గిన్నె, కండ్లల్లో నీళ్లు. పోయిన దసరాకు బొరుగులు తెచ్చినప్పుడు చూసినారు కదా నన్ను, ఇట్టే గుర్తు పట్టినారు. "రేయ్ రామాంజులూ, మీయమ్మ ఏం యాక్టింగ్ చేసిందిరా! సినిమాలోకి తీసుకుంటారు" అన్నాడంట ఆ దివాకర్. అందరూ నవ్వినారంట.

వానిది గోరంట్ల పక్క పల్లె కదా? ఆడేమన్నా వానలు కురిసి వంకలు పారతాండాయా? వాళ్లమ్మ ఈ పొద్దు ఏం తినిందో వాన్ని పిలిచి అడగండి.

మీరేమన్నా అనుకోండి, తప్పంతా ఆ టీవీది. అదేనా అది? ఆ గుడ్డ కప్పిన పెట్టేనా? థూ, ఇంతేనా!

సదువుకునే పిల్లోళ్ల మధ్యలో అదేంటికి సారూ? అది లేనప్పుడు మావాడు సెలవుకొస్తే పొయ్యి కాడ కూసోని పుస్తకంలోది సదివి చెప్పేవాడు. భూమి ఎట్ల తిరుగుతాది, మేఘం ఎట్ల పుడతాది, వాన ఎట్ల పడతాది. మా పక్క జనాలకు వాన సంగతి తెలియల్లంటే పుస్తకమే గతి, ఆకాశంలో యాడుండాది! ఆ పెట్టె వచ్చినాక పుస్తకం పాయ. క్రికెట్టంట, దాంట్లో పాటలంట. జుట్టు చూస్తే చెవుల మీదికి పెంచినాడు. మార్కులు తగ్గినాయని మీరే కదా కార్డు రాసినారు? "మా, దేశంలో యాడ ఏం జరిగినా మా హాలులో కనపడతాది. టీవీ వాళ్లు వస్తే నువ్వు కూడా కనపడతావు" అని మావాడు నవ్వినాడు. నేనూ నవ్వినా, ఏం తెలుసు నాకు?

ఇప్పుడు ఏం చేస్తాండాడా? కరువు పనిలో రోడ్డుకు కంకర కొడతాండాడు. పెన్ను పట్టిన చేతులు సారూ, బొబ్బలెక్కి చిట్లిపోయినాయి. "నువ్వు ఈడ గంజికి నిలబడుకోనుంటే నేను ఆడ మెతుకులు మింగల్లనా? నాకు సదువొద్దు, ఏమొద్దు" అంటాడు. సాయంత్రం ఇంటికొచ్చి నాకు ముందు పెడతాడు. నేను తినేదాంకా ఎదురుగా కూసోని చూస్తాడు. "కడుపు నిండిందా మా?" అంటాడు.

వాళ్ల నాయనా? ఆయన ఉంటే నేనెందుకు వస్తా? గొర్రెలు తోలుకోని కర్నూలు కాలవల పక్కకు పోయినాడు, నాలుగు నెలలాయ. మా పక్క గడ్డిపోచ లేదు. వాన పడితే వస్తాడు, పడకపోతే లేదు. ఆయన పోయినంక ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటి. గోరుచుట్టు మీద రోకటి పోటని, దాని మీద ఇది.

నన్ను చెయ్యి పట్టి లాగినారు సారూ ఆ టీవీ వాళ్లు. వద్దప్పా వద్దప్పా అన్నా ఇనలా. జీపులో వచ్చినారు, ముందర నిలబెట్టినారు, కెమెరాలో పట్టుకున్నారు, పోయినారు. పేదోళ్లను అడిగేదెవరు? మావానికీ అదే చెప్పినా. అందుకే వానికంత రోషం.

ఏమంటిరి? ఇంట్లో గింజల్లేకపోతే హాస్టల్‌కు కబురు పెట్టింటే మీరే ఏదో చూసింటిరా?

ఉండె సారూ.

రాగులు ఉండె. ఆ దినం పొద్దున సంగటి తినే పోయినా.

అట్ల చూడద్దండి నన్ను. చెప్తా. ఇంత దూరం వచ్చి ఇంకా దాచిపెట్టుకోని ఏం చేసుకోవల్ల?

నేను గంజి కేంద్రానికి ఎప్పుడూ పోలా. మా పక్కింటి నల్లమ్మ పోతాది. దానికి నిజంగానే ఏమీ లేదు పాపం. ఆ దినం అది వచ్చి, "మారెక్కా, టీవీ వాళ్లు వచ్చినారే, గంజి కాడ అందరినీ కెమెరాలో పడతారంట" అనింది. అంతే, మావాడు చెప్పిన మాట గుర్తుకొచ్చినాది. వాన్ని చూసి ఎన్ని దినాలాయనో తెలుసా? ఊరికే వచ్చి పిల్లోళ్ల సదువు చెరపద్దండమ్మా అని మీరే అంటిరి. సరే, నేను వాన్ని చూడకపోతే పోనీ, వాడన్నా నన్ను చూస్తాడు కదా అనుకున్నా.

తలకు నూనె పెట్టి దువ్వుకున్నా. ఉతికిన చీర కట్టుకున్నా. పిచ్చిదాన్ని, కొడుక్కి బాగా కనపడల్ల కదా!

ఆడికి పోతే ఆడోళ్లంతా సిగ్గుతో చచ్చిపోతాండారు. కొంగు మొగానికి అడ్డం పెట్టుకోని ఒక్కొక్కతి అటు తిరుక్కోనుండాది. "ఎవరన్నా ముందుకు రాండమ్మా" అంటాండాడు కెమెరా ఆయప్ప. నల్లమ్మ చేతిలో గిన్నె పెరుక్కోని నేనే పోయినా. ఎవరూ లాగలా సారూ, నేనే పోయినా. "అనంతపురం హాస్టల్లో కనపడతాదా అప్పా?" అని అడిగినా. దేశమంతా కనపడతాదన్నాడు.

నా తల చూసి ఇట్ల కాదమ్మా, చెరుపుకో అన్నాడు. చెరుపుకున్నా. ఏడ్వమన్నాడు. సంగటి తినిన కడుపుకు ఏడుపు యాడనుంచి వస్తాది? మావాన్ని తలుచుకున్నా. కండ్లనీళ్లు నిలపల్లన్నా నిలవలేదు.

ఆ దివాకర్ అన్నదాంట్లో అబద్ధమేముంది చెప్పండి? నేను చేసింది యాక్టింగే. పొద్దున్నుంచి వాన్నీ తిడతాండా, మీ పెట్టెనూ తిడతాండా, అత్త మీద కోపం దుత్త మీద చూపిచ్చినట్ల.

మావానికి చెప్పమంటారా? ఎట్ల చెప్పేది? నా కోసం ఒకని పన్ను రాలగొట్టినాడు. నా కోసం కంకర కొడతాండాడు. మూడు తూర్లు నోరు తెరిచినా సారూ. "తిను మా" అని ఇంకొక ముద్ద పెట్టినాడు. తిన్నా. ఆకలి లేకుండానే తిన్నా.

మీరే రాయండి. ఆ కాగితం తీయండి, నేను చెప్తా. మీ అమ్మకు ఆకలి లేకుండె, ఇంట్లో రాగులు ఉండె, నీకు కనపడల్లని గిన్నె పట్టుకోని ఏడ్చినాది, అట్లనే రాయండి. ఎవరూ లాగలేదని రాయండి. ఆ దివాకర్‌కు తప్పయిందని ఒక మాట చెప్పేసి పరీక్షకు కూసోమనండి. మెత్తగా రాయద్దు సారూ, మెత్తగా రాస్తే నమ్మడు, నన్ను కాపాడేకి రాసినారనుకుంటాడు.

అది సదివినంక వాడు నా మొగం చూడడు. నా కొడుకు కదా, నాకు తెలుసు. చూడకపోతే చూడకపోనీలే. ఒకతూరి చూసినాడు కదా.

యాడ ఎయ్యల్ల సారూ వేలిముద్ర? ఈడనా?