పావు తులం తక్కువ

హలో… ఔ సార్, నేనే. మన సబ్బుల కంపెనీ సొసైటీ ఆఫీసు నుంచి, క్లర్కు దుర్గయ్యను… నమస్తే సార్.

మాఫ్ చెయ్యిండ్రి, ఇంటికి ఫోన్ చేసిన… బయల్దేరుతున్నరని తెలుసు సార్. బొంబాయి బండికి ఇంకా టైముంది. లక్డీకాపూల్ నుంచి నాంపల్లి స్టేషను ఎంత దూరం… జర రెండు నిమిషాలు. సెక్రటరీ మీరు. మీరు ఔనంటె తప్ప ఈ పని కాదు.

జంగమ్మ సంగతి సార్… జంగమ్మ. మన ఆబిడ్స్ ఆఫీసు ఊడ్చే ఆమె… ఆ, ఆమెనే. ఇయ్యాలటితోని రిటైర్ అయితుంది. బంగారు ఖాతా కాగితం ముందట పెట్టుకొని కూసున్న. అయిదు కొట్టే లోపల ఖాతా తెరవాలె. లేకుంటె రేపటి సంది ఆమె కంపెనీ మనిషే కాదు. ఖాతా లేదు, బంగారం మీద నెలనెలా వచ్చే పన్నెండు రూపాయల వడ్డీ లేదు…

ఔ సార్. కనీసం మూడు తులాలు పెట్టాలె. అంతకు తక్కువైతే తీస్కోరు. తెలుసు… పావు తులం తక్కువుంది.

లేదు సార్, మొదలు తక్కువ లేకుండె! మూడు తులాలు సరిగ్గ ఉండె. మెడల గుండ్లు, చెవుల గెంటీలు, ముక్కుపుల్ల. ముప్పై ఏండ్లు పైసా పైసా కూడబెట్టి చేయించుకున్న సొమ్ములు… తప్పు నాది సార్.

నేనే కరగబెట్టుమన్న… ఔ, నేనే. ఇంగ్లీషు కాగితంల రాళ్లు, లక్క తీసెయ్యాలె అని ఉంది. సొమ్ములు ఉన్నవి ఉన్నట్టే తీస్కుంటరట. నేనేమో కరిగించి ముద్ద చేసి తేవాలె అనుకున్న. తప్పు చదివిన. నిన్న కంసాలి దగ్గరికి నేనే తోల్కపోయిన. కరిగితే అతుకులల్ల టంకం పోయింది, తరుగు పోయింది… మన క్యాషియరు వామన్‌రావు సార్ తక్కెడల మూడుసార్లు వేసిన్రు. ముల్లు మధ్యకు వస్తలేదు.

వచ్చే నెల అంటరేంది సార్? వచ్చే నెల ఆమె పేరు రిజిస్టర్ల ఏడుంటది?

కొందామనే పోయిన సార్. ఇయ్యాల అమాస. బేగం బజార్ల బంగారం అమ్మే సరాఫు దుకాణాలన్నీ బంద్. గౌలిగూడ దాక సైకిల్ తొక్కిన. ఒక్క తలుపు తెరిచి లేదు…

మాఫీ చెయ్యరాదా సార్? పావు తులమే… ఔ… ఔ, ఇయ్యాల ఒకరికి చేస్తె రేపు పదిమంది వస్తరు… నిజమే సార్. నిజమే గాని…

నాకెందుకు ఇంత ఫికరా?… నేనే కద సార్ ముంచింది. ఆమెకు ఎవ్వరు లేరా అంటె… ఉన్నరు. ఉన్నా లేనట్టే.

సార్, సార్! ఫోన్ పెట్టెయ్యకుండ్రి. ఇంకొక్క మాట. నా ఉంగరముంది. పెండ్లిల మా మామ పెట్టింది, పావు తులం పైనే ఉంటది… ఊడుతలేకుండె, సబ్బు రాసిన. సబ్బుల కంపెనీల సబ్బుకు కరువా సార్… ఊడింది. జర తోలు లేచింది, గంతే. ముద్ద పక్కకు ఉంగరం పెడితే ముల్లు మధ్యల నిలబడ్డది. వామన్‌రావు సార్ గీడనే ఉన్నరు, అడుగుండ్రి. ఇగ మీరు ఔనంటె చాలు.

ఎందుకు చెల్లదు?… ఆమె బంగారమే ఉండాలె… లేకుంటె ఇంటోళ్ళది… ఔ సార్. వడ్డీ వ్యాపారులు కూలోళ్ళ పేరు మీద పెడతరని ఆ రూలు పెట్టిన్రు. చదివిన. ఆ రూలు సరిగ్గనే చదివిన. అందుకే ఫోన్ చేసిన.

ఆమె నాకేమైతదా?… జంగమ్మనా?

తెలిసినామె సార్… అంటె మా బస్తీనే… సుట్టం. దగ్గరి సుట్టం… ఏం సుట్టమంటె…

జంగమ్మా, నువ్వు చెయ్యి ఊపకు. గాడ కూసో… లేదు సార్, మిమ్ముల కాదు. ఆమె వద్దంటుంది… ఉంగరం కాదు సార్. చెప్పొద్దంటుంది.

సార్, గీడ అందరున్నరు. టైపిస్టు నళిని మేడం మిషను ఆపి చూస్తున్నరు. ఎట్ల చెప్పాలె… అయిదుకు ఎనిమిది నిమిషాలే ఉన్నయి.

చెప్తున్న సార్. చెప్తున్న.

ఆమె నన్ను కన్నది… ఔ. మా అమ్మ.

అబద్ధం కాదు! ఖాతా కోసం అల్లింది కాదు సార్. నా సర్వీసు కాగితం చూడుండ్రి. తండ్రి పేరు సాయన్న, చనిపోయిండు అని ఉంటది. ఆమె కార్డు మీద మొగని పేరు చూడుండ్రి. సాయన్న. తొమ్మిదేండ్ల సంది రెండు కాగితాలు ఒక్క బీరువలనే ఉన్నయి. ఎవ్వరు పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఎందుకు దాచిననా… నౌకరి దొరికిన నాడు ఆమెనే ఒట్టు పెట్టించుకుంది. ఆఫీసుల నన్ను అమ్మా అనకు, ఊడ్చేదాని కొడుకంటె నీ మాట ఎవరింటరు, అన్నది. నేను సరే అన్న. నాకు సిగ్గనిపించింది సార్, అందుకే సరే అన్న. తొమ్మిదేండ్లు… జంగమ్మా, బల్ల కింద ఊడ్వు. జంగమ్మా, కుండల నీళ్లు పొయ్. గట్లనే పిలిచిన.

మీరు సిరా ఒలికిందని ఆమెను తిట్టిన్రు, యాదికుందా?… సిరాబుడ్డి నా మోచెయ్యి తగిలి పడ్డది సార్. ఆమె నేనే పడేసిన అన్నది. కూసోని తుడుస్తుంటె నేను గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డ.

నేనే చూసుకోవచ్చు కదా అంటరా… తీస్కోదు సార్. ఒక్క పైస తీస్కోదు. ఎవరి చెయ్యి చూడకుండ నా కిరాయి నేను కట్టుకోవాలె అంటది. ఆ సొమ్ములు అందుకే చేయించుకుంది. అవి నేను కరగబెట్టించిన…

ఔ సార్, తొమ్మిదేండ్లు దాచిన. నా తప్పే.

నన్ను నౌకరిల నుంచి తీసేస్తె తీసెయ్యిండ్రి. ఈ ఖాతా తెరిచినంక తీసెయ్యిండ్రి…

ఆ?… ఔ సార్… ఔ… వామన్‌రావు సార్ సాక్షిగ గవా సంతకం పెడతరట, తల ఊపుతున్నరు… రాయమంటరా? రాస్తున్న. సంబంధం అన్న తాన… కొడుకు. రాసిన సార్. దస్కతు చేసిన. ఇగ ఆమె ఏలిముద్రనే. జర లైన్ల ఉండుండ్రి.

ఇటు రా… ఎందుకు ఏడుస్తున్నవే. అయిపోయింది, అందరికి తెలిసిపోయింది, ఇగ ఏం దాస్తవు… కింద కాదు. నా కుర్చీల కూసో. చెయ్యి ఇయ్యి… బొటనేలు… జర గట్టిగ ఒత్తు, అమ్మా…

లేదు సార్, మీతోని కాదు. మా అమ్మతోని మాట్లాడుతున్న.