పావురాల కూపే

జర్మనీలో రూర్ ప్రాంతం, మూతపడ్డ బొగ్గుగని పక్కన కార్మికుల కాలనీ. శనివారం మధ్యాహ్నం. పెరట్లో గ్యారేజీ తలుపు బార్లా తీసి ఉంది. లోపల అమ్మకానికి పెట్టిన నారింజరంగు పాత కూపే, రెండు తలుపుల కారు. దాని పక్కన డెబ్బై దాటిన ఎవాల్డ్, కారు చూడటానికొచ్చిన ఇమ్కె హార్మ్స్ అనే ఆవిడ. గ్యారేజీ మీద పావురాల గూడు. మేడ మీద వంటింటి కిటికీలో ఎవాల్డ్ భార్య ట్రౌడెల్.

"...తుప్పు లేదని ఎవడన్నా అంటే వాడు అబద్ధాలకోరు. నేననను. అడుగు రేకు మొత్తం నేనే కోశాను, నేనే అతికాను. గనిలో కిందికి గాలి పంపే రేకు గొట్టాలు ఉండేవి. గని మూసేసినప్పుడు పారేస్తుంటే తెచ్చుకున్నా. మీరిప్పుడు కాలు పెట్టింది ఆ రేకు మీదే."

"గట్టిగానే ఉందండీ."

"గట్టిగా ఉంటుంది. వాన పడితే మాత్రం గని వాసన వస్తుంది."

"ఎవాల్డ్, మొదలుపెట్టావా? వాసన సంగతి ఆమె అడిగిందా?"

"అడక్కముందే చెప్పడం మర్యాద, ట్రౌడెల్. నువ్వు నీ కేకు సంగతి చూసుకో."

"పోయిన వారం వచ్చినాయనకి బ్రేకులు నమ్మొద్దని చెప్పావు. బ్రేకులు బాగానే ఉన్నాయి."

"ఆయన మొహం బాగాలేదు."

"చాలామంది వచ్చారా ఇప్పటికి?"

"వచ్చారమ్మా, ఎందుకు రాలేదు. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. బయట చూసి ఆహా అన్నాడు, ఓహో అన్నాడు, బానెట్‌ని నిమిరాడు. వెనక తలుపెత్తి లోపలికి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను సంతోషమనుకున్నా. ఇంత మంచి బండిని ఇలా పాడుచేశారేంటండీ అని ఆయన ఏడుపు. వెనకదంతా పీకేసి, మళ్ళీ తోలు సీటు వేయిస్తాడంట."

"మరి మీరేమన్నారు?"

"ముందు నీ పళ్ళు పీకించుకుని రా, తర్వాత మాట్లాడదామన్నా."

"ఆ తర్వాత వచ్చిన కుర్రాడి సంగతి చెప్పు."

"వాడా. వాడు వెనకంతా స్పీకర్లు పెడతాడంట. నా పావురాలు కూర్చున్న చోట స్పీకర్లు. గేటు దాకా నేనే సాగనంపాను."

"వెనకది నేను ఒకసారి చూడొచ్చా?"

"చూడండి. కళ్ళనీళ్ళు వస్తే చెప్పండి, గుడ్డ ఇస్తా."

"రావు లెండి. ఈ పక్క అద్దాలు తీసేసి చెక్క పట్టీలు పెట్టారే."

"గాలి వస్తుంది, ఎదురుగాలి కొట్టదు. పట్టీలు వంకరగా ఉన్నాయి చూడండి, ఆ వంపు కుదరడానికే ఒక చలికాలం పట్టింది. పొగగొట్టం కూడా వెనకనుంచి తీసి పక్కకి తిప్పా. పక్షికి పొగ పడదు. స్ప్రింగులు మెత్తవి వేశా. గుంతలో పడ్డా లోపల గుడ్డు పగలదు. బండిని తనిఖీకి తీసుకెళ్తే అక్కడి అధికారి చుట్టూ తిరిగి చూసి, ఇదేంటండీ అన్నాడు. పావురాలకండీ అన్నా. మా నాన్న కూడా పావురాలు పెంచేవాడండీ అని ముద్ర వేసేశాడు."

"ఇంజను చుట్లు చూపించే మీటరు ఉండాల్సిన చోట ఇదేంటి, ఇత్తడిది?"

"పోటీ గడియారం. పందెంలో దూరాన వదిలిన పావురం ఎగిరొచ్చి గూటికి చేరిన క్షణం నొక్కేది. ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే నాకెందుకమ్మా, తిరుగుతోందా లేదా అంతే."

"ఈ కూర్చునే కర్ర. ఇంకొంచెం లావుది వేసుకోవచ్చా?"

"లావుదా? అంటే మీకూ పక్షులున్నాయా?"

"ఉంది."

"ట్రౌడెల్, విన్నావా. ఈమెకి పక్షులున్నాయంట. అమ్మా, ముందే చెప్పొద్దూ. లావు కర్ర ఎందుకు?"

"దాని కాళ్ళు కొంచెం పెద్దవి."

"బెల్జియం జాతా?"

"అంత దూరందేం కాదు."

"మరి ఏ..."

"ఎవాల్డ్, అమ్మేదెందుకో చెప్పావా ఆమెకి?"

"ఊరికే అమ్ముతున్నా."

"ఊరికేనా. పోస్టు డబ్బాని గుద్దిన సంగతి చెప్పు."

"పోస్టు డబ్బా పసుపు. సిగ్నలూ పసుపే. పసుపు కనబడితే నెమ్మదిగా వెళ్ళాలి. నెమ్మదిగానే గుద్దాను."

"పాస్టరుగారిని చూసి చెత్తడబ్బా అనుకున్నాడమ్మా. మళ్ళీ చెప్పుకుంటాడు, చెత్తడబ్బా ఎందుకు పరిగెత్తిందో అర్థం కాలేదని."

"నల్లకోటు వేసుకుని గోడవారగా నిలబడితే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆయన ప్రసంగం విన్నవాళ్ళకైతే ఇంకా తేలిక."

"కంటి డాక్టరు ఏమన్నాడు, అది చెప్పు."

"డాక్టర్లు ఏదో ఒకటి అంటారు."

"ఇక నడపొద్దన్నాడు. ఈయన నడుపుతున్నాడు. పోయిన ఆదివారం నేను లేచేసరికి పక్కన లేడు, గ్యారేజీలో బండి లేదు. తిరిగొచ్చేదాకా ఈ కిటికీలోనే నిలబడ్డాను."

"పక్షుల్ని దూరం తీసుకెళ్ళి ఎవరు వదులుతారు మరి? పాస్టరా?"

"ఎవాల్డ్ గారూ, ఒకసారి నడిపి చూడొచ్చా?"

"చూడండి. నేను పక్కన కూర్చుంటా."

కారు కాలనీ దాటి కాలువ పక్క రోడ్డెక్కింది. తన కారులో డ్రైవరు పక్క సీటులో కూర్చోవడం ఎవాల్డ్‌కి ఇదే మొదటిసారి.

"ఇటునుంచి చూస్తే బానెట్ ఇంత పొడుగుందేంటి? ట్రౌడెల్ ఎప్పుడూ చెప్పలేదు."

"రెండో గేరు కొంచెం మొరాయిస్తోంది."

"బతిమాలాలి. నెట్టకూడదు. అదీ, అలాగ. మీ చెయ్యి మంచిది. మీ సంచిలోంచి బయటికొస్తోంది ఏంటది, గ్లౌజా? ఒక్కటే ఉందే."

"ఒక్కటే."

"మోచేతిదాకా ఉంది. వెల్డింగు చేస్తారా?"

"అప్పుడప్పుడు చేతిని కాపాడుకోవాలి కదండీ."

"మంచిది. ఆడవాళ్ళు వెల్డింగు చేస్తే అతుకు శుభ్రంగా వస్తుంది, నేను ఎప్పుడూ అంటాను. సరే, పక్షుల సంగతి చెప్పండి. ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే."

"ఒకటా? ఒకదానితో పోటీకెలా వెళ్తారు?"

"పోటీకి కాదండీ. ఇష్టం. ఆదివారాలు పొలాల్లోకి తీసుకెళ్ళి ఎగరేస్తాను."

"మేత?"

"రోజూ తూకం వేస్తాను. బరువెక్కితే ఎగరదు. ఆకలి మీదుంటేనే నా మాట వింటుంది."

"అబ్బ. ఈ మాట మా పావురాల సంఘంలో సగం మందికి తెలీదు. గొంతుదాకా గింజలు పోసి, ఓడిపోయాక వాతావరణాన్ని తిడతారు. ఎగరేశాక మీరేం చేస్తారు? నేనైతే ఇంటికొచ్చి గూటి కింద కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తా. వెళ్ళేటప్పుడు వెనక అంతా కువకువ, వచ్చేటప్పుడు ఖాళీ. ఈ బండి తిరుగు ప్రయాణం ఎప్పుడూ ఖాళీయే."

"నాది నాతోనే కారులో తిరిగొస్తుంది."

"కారులోనా? ఎగిరి రాదూ?"

"నా దగ్గరికే వచ్చి వాలుతుంది."

"ఏమనుకోకండమ్మా, మీరు దాన్ని పాడుచేశారు. అంత బద్ధకం పనికిరాదు. కొన్నాళ్ళు నాకు వదిలేయండి, దారిలో పెడతా."

"మీ పావురాలతో కలిపి ఉంచుతారా?"

"ఉంచుతా. పదింటిని చూస్తే బుద్ధొస్తుంది."

"వద్దులెండి. దాని మనసు ఆగదు."

"సిగ్గా?"

"సిగ్గు అయితే కాదు."

"ఇక్కడ తిప్పండి. అదిగో, ఆ పోస్టు డబ్బానే. ఎంత పసుపో చూడండి. నాదేం తప్పుంది?"

"ఏం లేదండీ."

"నాకు ఇదివరకు ఒక నీలం ఆడపావురం ఉండేది. ఎల్ఫ్రీడె అని పేరు. స్పెయిన్ సరిహద్దు నుంచి వానలో ఎగిరొచ్చింది. మా ఇంటి కప్పు మీద వాలింది. గూట్లోకి అడుగుపెట్టలేదింకా. నా వేలు గడియారం మీదే ఉంది. ఎక్కడినుంచి వచ్చిందో డేగ, తన్నుకుపోయింది. ట్రౌడెల్ ఆరేసిన దుప్పట్ల నిండా ఈకలు. నేను గడియారం నొక్కలేదు. ఏమని నొక్కను?"

"అయ్యో."

"డేగని కొడదామంటే చట్టం ఒప్పుకోదంట. పైగా వాటిని పెంచేవాళ్ళున్నారంట. ముద్దుచేసి చేతిమీద కూర్చోబెట్టుకుంటారంట. అలాంటి మనిషి నా కళ్ళబడితే... మీరు నెమ్మదిగా నడపండి, దగ్గొస్తోందా?"

"దుమ్మండీ."

"రెండో గేరు. బతిమాలండి."

కారు మళ్ళీ పెరట్లోకి వచ్చి ఆగింది. కిటికీలో ట్రౌడెల్ అక్కడే ఉంది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందండీ. తీసుకుంటాను. మీరు ఫోనులో చెప్పిన ధరకే."

"ధర నువ్వు చెప్పావా, ట్రౌడెల్? ఎప్పుడు చెప్పావు?"

"నువ్వు పైన గూట్లో ఉన్నప్పుడు."

"ఆగండమ్మా. బేరం ఆడరా? బేరం ఆడకుండా కొనేవాళ్ళంటే నాకు భయం. నాదొక షరతుంది. ధర కాదు, ఇంకోటి."

"చెప్పండి."

"వెనకది పీకకూడదు. చెక్క పట్టీలు, కర్ర, మెత్తని స్ప్రింగులు, అన్నీ అలాగే ఉండాలి. ఊరికే ఉంటే కూడా చాలదు. ఆదివారం ఆదివారం దాంట్లో పక్షి కూర్చోవాలి. తోలు సీటు వేసి ప్రదర్శనలో నిలబెట్టడానికి నేను పద్నాలుగేళ్ళు ఈ కారు కింద పడుకోలేదు. పక్షి ఎక్కని రోజున ఇది కారు కాదు నాకు."

"ప్రతి ఆదివారం పక్షి కూర్చుంటుంది. మాటిస్తున్నాను. కర్ర ఒక్కటే మారుస్తాను."

"కర్ర మార్చుకోండి. పెద్ద కాళ్ళన్నారుగా."

"అంతేనా?"

"అంతే. ఇక చెయ్యి ఇవ్వండి. మా కాలనీలో చెయ్యి చరిస్తే అయిపోయినట్టే, కాగితాలు తర్వాత. మా నాన్న చాంపియన్ పావురాల జంటని ఇలాగే అమ్మాడు. మర్నాడంతా గూట్లో కూర్చుని ఏడ్చాడు. వెనక్కి మాత్రం అడగలేదు. అడిగినవాడికి మా సంఘంలో ఎవరూ గింజ అప్పివ్వరు, పలకరించరు."

"ఎంత ఏడ్చినా వెనక్కి లేదా?"

"లేదు. ట్రౌడెల్, నువ్వు సాక్షి."

"చూస్తున్నా. గట్టిగా చరువు, వినబడాలి."

"ఇదిగో."

"ఇదిగోండి."

"వినబడింది. పైకి రండి ఇద్దరూ, కేకు కోశాను."

"వస్తున్నాం. అమ్మా, తాళాలు ఇవిగో. వెనక తలుపు మూసేటప్పుడు కొంచెం పైకెత్తి మూయాలి. కారులో ఎక్కించే ముందు మీ పక్షికి నీళ్ళు పెట్టకండి, దారిలో ఆగమంటుంది."

"సరేనండీ. ఎవాల్డ్ గారూ, ఒక చిన్న మాట. ఎగరలేని ముసలి పావురాలుంటాయి కదా. వాటినేం చేస్తారు?"

"సూప్. ట్రౌడెల్ సేమియా వేసి కాస్తుంది. బతికున్నప్పుడు పొగుడుతాం, చచ్చాక మెచ్చుకుంటాం."

"సూప్ చేయకుండా నాకిస్తారా? వారానికొకటి చాలు."

"విన్నావా, ట్రౌడెల్? ఇంత మెత్తని మనసు ఈ రోజుల్లో ఎక్కడుంది? ఇస్తానమ్మా, అన్నీ ఇస్తా. మీ పక్షికి తోడుగానా?"

"తోడుగా కాదండీ. మేతగా."

"మేతేంటి? గింజలు లేవా?"

"అది గింజలు తినదు."

"గింజలు తినని పావురమేంటి?"

"పావురమని నేను ఒక్కసారి కూడా అనలేదండీ."

"లేదు. అనలేదు. పెద్ద కాళ్ళన్నారు. చేతికొచ్చి వాలుతుందన్నారు. ఆ గ్లౌజు... వెల్డింగుది కాదూ అది?"

"కాదండీ. దాని మీదే కూర్చుంటుంది."

"ట్రౌడెల్. ట్రౌడెల్, ఇటు చూడు. ఈమె దగ్గరున్నది డేగ. ఎల్ఫ్రీడె కూర్చున్న కర్ర మీద డేగ కూర్చుంటుంది. పద్నాలుగేళ్ళు కష్టపడి డేగకి పల్లకీ కట్టాను. కిందికి దిగు, ఏదో ఒకటి చెప్పు ఈమెకి."

"ఆమెకి చెప్పాల్సింది ఫోనులోనే చెప్పాను. చెయ్యి చరిచేదాకా ఆ గ్లౌజు సంచిలోంచి తియ్యొద్దన్నది నేనే."

"నువ్వా? తెలిసి తెలిసి డేగకా?"

"వచ్చినవాళ్ళందరినీ తరిమేశావు. పక్షి ఎక్కాలన్నావు, పక్షి ఉన్న మనిషిని వెతికాను. దాని ముక్కు ఎటు వంకరో నేను చూడలేదు. పావురాలు గూటినిండా ఉన్నాయి, ఎవాల్డ్. మొగుడు ఒక్కడే ఉన్నాడు."