మూడు తాళాల పడవ

"నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి మీ అందరికీ తెలుసు," అంటూ లంగరు మావయ్య బల్ల మీద సర్దుకుని కూర్చోగానే టీ కొట్టు పిన్ని పొయ్యి మంట తగ్గించింది. ఆ మాటతో మొదలుపెట్టాడంటే అరగంటకి తక్కువ పట్టదు. ఆయన అసలు పేరు మేమెప్పుడో మర్చిపోయాం. ఒకచోట దిగాడంటే కదలడు గనక లంగరు అంటాం.

పొద్దుటి వేలం అయిపోయింది. ఐసు పెట్టెలు లారీ ఎక్కాయి. మావయ్యకి ఎదురుగా వలలు బాగుచేసే తాత, ఐసు ఫ్యాక్టరీ అన్న, వేలంపాట పాడి పాడి గొంతు పోయిన నేను. పక్క బల్ల మీద ఎవరో కళ్ళజోడు అమ్మాయి, ఒళ్ళో సంచీ పెట్టుకుని టీ ఊదుకుంటోంది. కొత్త మొహం కనపడితే మావయ్యకి ఎక్కడలేని హుషారు.

"కోర్టులో నేను చేసింది చాలా చిన్న పని. ఒక్క తాళంచెవి అడిగాను, అంతే. కొత్తవాళ్ళున్నారు గనక మొదట్నించీ చెబుతా వినండి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలి కదా, ఎప్పట్నించి ఆపాలో చెప్పడానికి ఈ ఏడు ముగ్గురు బయల్దేరారు. రేవు కమిటీ ఒకటో తారీకంది. పట్నంలో చేపల ఆఫీసు, కాదు, పదిహేనో తారీకంది. రాజధానిలో ఉన్న పెద్ద శాఖ, అసలు చెప్పడానికి మీరిద్దరూ ఎవరు, పెత్తనం మాది, వచ్చే నెలే ఆపాలంది. ముగ్గురూ కోర్టుకెక్కారు. ఎక్కినవాళ్ళు ఊరుకున్నారా? ఎవరి ఆర్డరు వాళ్ళు అమలు చేస్తామని పడవకి మూడు గొలుసులు, మూడు తాళాలు! ఇద్దరు తీస్తామన్నా మూడోవాడు తియ్యడు. నలభై పడవలు, నూట ఇరవై తాళాలు."

"అది మాత్రం నిజం," అన్నాడు తాత. "రెండు నెలలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. నా చేతికి వల తగిలితే ఒట్టు."

"చూశావా, తాతే చెబుతున్నాడు. ఇంతలో పడవలవాళ్ళ తరఫున ఒకరొచ్చి సాక్ష్యం చెప్పాలని కోర్టు కబురు పెట్టింది. చీటీలు వేస్తే మా పడవ వచ్చింది. వెళ్ళాను. ముగ్గురు ప్లీడర్లు, ఒక్కొక్కరి ముందు నడుమెత్తు పుస్తకాలు. నేను నిలబడి, అయ్యా, ఒక్క తాళంచెవి ఇప్పించండి, అన్నాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి, రెండు నెలల్లో ఈ గదిలో నాకు అర్థమైన మాట ఇదొక్కటే, అని నన్ను పిలిచి పక్కన కుర్చీ వేయించారు."

"ఎక్కడా?" అన్నాడు ఐసు అన్న.

"ఆయన పక్కనే. ఇద్దరం ఒకే ఫ్యాను కింద. అప్పుడు ప్లీడర్లని నేనే ప్రశ్నలడిగాను. సముద్రం ఎవరిదయ్యా, అంటే రేవు ప్లీడరు గట్టు దగ్గరి నీళ్ళు మావన్నాడు, పట్నం ప్లీడరు అది దాటితే ఫలానా గీత దాకా మాదన్నాడు, రాజధాని ప్లీడరు ఆ గీత అవతల అంతా మాదన్నాడు. మరి ఆ గీత చేపకి కనపడుతుందా, అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జడ్జిగారు బల్ల గుద్ది లేచారు. నడవండి, గీత చూసొద్దాం, అన్నారు. మొత్తం కోర్టు నా పడవెక్కింది! జడ్జి, ప్లీడర్లు, బల్ల, కుర్చీలు, పుస్తకాల బీరువా."

"పడవకి తాళాలున్నాయిగా మావయ్యా?" అన్నాన్నేను.

"ఒక్క చూపు చూశాన్రా. సిగ్గుపడి ఊడిపోయాయి."

"చూపుతో ఊడిపోయేవాటికి తాళంచెవి అడగడం దేనికి?"

"మర్యాద కోసం! పెద్దమనుషుల దగ్గర అడిగి తీసుకోవాలి. సరే, గీత దగ్గరికెళ్ళి వల వేశాను. పడింది చూడండి ఒక చేప! తల చూస్తే గీత అవతల, రాజధానివాళ్ళ నీళ్ళలో. పొట్ట ఇవతల, పట్నంవాళ్ళ నీళ్ళలో. తోక ఏదీ అని వెతుక్కుంటే ఇక్కడ రేవులో ఉంది. అది తోక ఒక్కసారి కొడితే పిన్ని కొట్టు తడిసిపోలా?"

"నా కొట్టు తడిసింది వానకి," అంది పిన్ని గ్లాసులు కడుగుతూ.

"అని నువ్వనుకున్నావు. సరే, ప్లీడర్లు ఊరుకుంటారా? ఒకడు తలని వాటేసుకున్నాడు, ఒకడు పొట్టని, ఒకడు తోకని. మాదంటే మాదని లాగుతున్నారు. చేపకి చక్కిలిగింత పుట్టింది. అది నవ్వేసరికి తాటిచెట్టంత కెరటం లేచి ముగ్గురూ నీళ్ళలో పడ్డారు. దూకాను. ఒక్క చేత్తో ముగ్గుర్నీ పైకి లాగాను."

"రెండో చెయ్యేమైంది?" అన్నాన్నేను.

"రెండో చేతిలో జడ్జిగారి టీ గ్లాసుంది. చుక్క ఒలికితే అడుగు."

ఐసు అన్న అప్పటికే బల్ల పట్టుకుని ఊగుతున్నాడు. మావయ్య మాత్రం మొహంలో నవ్వు రానివ్వలేదు.

"అప్పుడు చేప నోరు విప్పింది. సాక్ష్యం చెబుతానంది."

"ఏ భాషలో?" అన్నాడు తాత.

"మన భాషలోనే. యాస కాస్త నీళ్ళు తగిలినట్టుంది, అంతే. నా కడుపులో పది లక్షల గుడ్లున్నాయి, మీ తగువు తేలేలోపు అవి మనవల్నెత్తుతాయి, అంది. జడ్జిగారు భోరున ఏడ్చి తన నల్లకోటు విప్పి నాకు తొడిగారు. ఇవాళ్టి నుంచి సముద్రం మీద పెత్తనం నీదే, అన్నారు. వద్దండీ, నాకు ఖాళీ ఉండదు, అన్నాను. చేసేది లేక ఆ చేప వీపు మీదే తీర్పు రాసి సంతకం పెట్టారు. అదింకా ఆ తీర్పు మోసుకుని తిరుగుతూనే ఉంది."

పక్క బల్ల మీద అమ్మాయికి పొలమారింది. దగ్గీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"ఏమ్మా, నమ్మలేదా?" అన్నాడు మావయ్య.

"అది కాదండీ. నేను ఆ కోర్టులో టైపిస్టుని. ఆ కేసు మొదట్నించి చివరిదాకా టైపు చేసింది నేనే. తీర్పు నకలు ఇక్కడి కమిటీకి ఇవ్వడానికొచ్చాను." సంచీ మీద చెయ్యి వేసింది. "ఆ హాల్లో చేప లేదు. ఏమీ అనుకోకండి, మీరూ లేరు. పడవలవాళ్ళ తరఫున మాట్లాడింది ఒకావిడ. పొట్టిగా ఉంటారు, మోచేతి మీద కాలిన మచ్చ."

మేమంతా మావయ్య వైపు తిరిగాం. ఆ మచ్చ మా అత్తయ్యది. పడవ లైసెన్సు ఆవిడ పేరు మీదే ఉంది. ఆ రోజు ఇద్దరూ కలిసి పట్నం వెళ్ళారని తెలుసు గానీ లోపల మాట్లాడింది ఎవరో మాకు తోచనే లేదు.

"మీ ఆయన రాలేదేమ్మా అని జడ్జిగారు అడిగారు," అంది అమ్మాయి. "గేటు దగ్గర కూర్చోబెట్టి వచ్చానండీ, ఆయన లోపలికొస్తే ఈ ముగ్గురు ప్లీడర్లకీ మాట్లాడే సందుండదు, అన్నారావిడ. అదీ టైపు చేసేశాను. తర్వాత జడ్జిగారే నవ్వుకుంటూ కొట్టేయించారు."

ఐసు అన్న బల్ల మీంచి కిందపడ్డాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. తాత పళ్ళు లేని నోటితో నవ్వీ నవ్వీ ఆయాసపడ్డాడు. మావయ్యకి కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం లేచి వెళ్ళి ఆ అమ్మాయి బల్ల మీదే కూర్చున్నాడు.

"తర్వాత ఏమంది?" అన్నాడు నెమ్మదిగా.

"మీకు చెప్పలేదా?"

"మా ఆవిడా? బయటికొచ్చి, రేపు పడవ తియ్యొచ్చు, అంది. బస్సెక్కి నిద్రపోయింది. నెల్లాళ్ళ నుంచి అడుగుతున్నా. ఏముంది చెప్పడానికి, అంటుంది. ఏదో ఒకటి ఉండే ఉంటుందని నా అంతట నేను అల్లుకుంటున్నా."

ఆ అమ్మాయి టీ గ్లాసు కింద పెట్టింది. "పెత్తనం మీ ముగ్గురిలో ఎవరిదైనా మాకొకటేనండీ, అన్నారు. చేప గుడ్లు పెట్టే రోజులు మూడు రకాలుగా ఉండవు, అవి మాకూ తెలుసు, మా అమ్మకీ తెలుసు. ఒక్క తారీకు చెప్పండి, తాళాలక్కర్లేదు, మా పడవలు మేమే కట్టేసుకుంటాం, అన్నారు. ప్లీడర్లు పుస్తకాలు తిరగేస్తున్నారు గానీ ఎవరికీ ఏమీ దొరకలేదు. సాయంత్రానికల్లా తాళాలన్నీ తియ్యమని జడ్జిగారు ఆర్డరిచ్చారు. ఇప్పుడొచ్చిన ఈ తీర్పులో ఇంకోటుంది. పెత్తనం రాజధాని శాఖదే, కాకపోతే పడవలవాళ్ళని కూర్చోబెట్టి అడక్కుండా ఇక మీదట తారీకు పెట్టడానికి వీల్లేదు."

మావయ్య మధ్యలో ఒక్కసారీ అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు. ఆయన నోరు అంతసేపు మూసుకోవడం మా రేవులో అదే మొదలు. కళ్ళు మాత్రం మెరిసిపోతున్నాయి.

"పిన్నీ, ఈ అమ్మాయికి ఇంకో టీ," అన్నాడు. తర్వాత ఆమె వైపు జరిగి, "మా ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నించి మళ్ళీ చెప్పమ్మా. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. పెంచే సంగతి నేను చూసుకుంటా."