తేనెపిట్ట కొట్లాట, అన్నదమ్ముల అరక

పోసిరెడ్డి పెళ్లాం అచ్చియమ్మకి ఆ పొద్దు తల ఏడెక్కిపోయిందంట. ఏమైందంటే, మొగుడు సంతలో కొన్న అద్దం తెచ్చి అరుగు మీద గుంజకి తగిలించాడు. ఆ పక్కనే చూరుకి బొటనవేలంత తేనెపిట్ట గూడు కట్టుకుంది, సాలెపురుగు దారాలతో అల్లి, గాలికి ఊగేటట్టు. గూట్లో పిల్లలు. ఆడపిట్ట పాపం తిరిగి తిరిగి మేత తెత్తంటే, నల్లగా నిగనిగలాడే ఆ మగపిట్టేమో అద్దంలో తనని తనే సూసుకుని, ఇంకెవడో ఒచ్చాడనుకుని, ఒంకర ముక్కుతో టక్కు టక్కు, టక్కు టక్కు. పువ్వు ముందు గాల్లో నిలబడి తేనె పీల్చే పిట్ట, అద్దం ముందు నిలబడి కొట్లాడతంది అనుకో. పోసిరెడ్డి పొట్ట పట్టుకుని నవ్వుతాడంట, "దీని బుర్ర తగలెయ్య, దాంతో అదే కొట్టుకుంటందే!" అని.

అచ్చియమ్మకి ఒళ్లు మండింది. మండదా మరి? వాన పడి నేల పదునెక్కింది, ఊరంతా దున్నేత్తన్నారు. ఈళ్లింట్లో ఒక ఎద్దు, అన్న లచ్చిరెడ్డి ఇంట్లో ఒక ఎద్దు. రెండూ కలిపి కడితేనే అరక. ఈ ఏడేమో జీలుగు చెట్టు కల్లు దించినప్పుడు, ముందు పెద్దోడు తాగాలి కదా, అన్న తాగకుండానే తమ్ముడు ఆకు దొప్ప ముంచేశాడంట. అంతే, మాటల్లేవు! ఏం మగాళ్లమ్మా! "ఏమయ్యా, పదును ఆరిపోతంది, పిల్లలకి ఏం పెడతావు, ఎల్లి అన్నని పిలువు" అంటే "ఆడే రావాలి" అంటాడు. అక్కడికెల్లి అడిగితే బావగారిదీ అదే మాట, అదే ముక్కు, అదే మూతి, ఒక్క అచ్చులో పోసినట్టు.

ఇసుగెత్తి అద్దాన్ని గుంజవైపు తిప్పేసింది. పిట్ట కాసేపు ఎతుక్కుని మేతకి పోయింది. "దానికైతే అద్దం తిప్పాను, నీకేం తిప్పనయ్యా!" అని మొగుణ్ని కసురుకుని, ఎద్దుని ఇప్పుకుని తిన్నగా బావగారి కొట్టంలో ఆయన ఎద్దు పక్కన కట్టేసి ఒచ్చేసింది.

"నా ఎద్దేదే!" అని పోసిరెడ్డి లబోదిబోమంటా అన్న కొట్టానికి పరిగెత్తాడు. అక్కడ అన్న కాడి పట్టుకుని నిలబడున్నాడు. ఒకరి మొహం ఒకరు సూసుకుంటే ఒట్టు. అరక కట్టారు, చేలో దిగారు. "ఓరి ఎదవా, పెద్దోళ్లంటే లెక్కలేదా" అని అన్న ఎద్దుని అదిలిత్తాడంట, "పంతం మానరా ముసలోడా" అని తమ్ముడు రెండో ఎద్దుని అదిలిత్తాడంట. పొద్దుగూకేదాకా అదే తంతు. ఇద్దరి చేలూ దున్నడం అయిపోయింది, గింజలు పడ్డాయి, పంటొచ్చాక పిల్లలు కడుపునిండా తిన్నారు. నోరులేని ఎద్దులు, మద్దెలో అయ్యే తిట్లు తిన్నాయి పాపం.