ఏడో నంబరు ఫొటో

ఏదీ, ఆ రేకు డబ్బా ఇటు తే బిడ్డా. నా అద్దాలేవి... ఔ, నెత్తి మీదనే ఉన్నయి, నవ్వకు. ఓ, ఇదా? ఇది చూసే భయపడ్డవా? మనిషి అంగిలకెల్లి పాలగిన్నె కనవడుతున్నదంటవు. దయ్యం గాదు, మా హెర్బర్ట్. నాంపల్లి టేషన్ల, పార్సల్ ఆఫీసుల, ఒక్క బల్లకు అటు ఆయన, ఇటు నేను. జర్మనోనితోని లడాయి నడిచే జమానా అది. మెదక్ దిక్కు మనిషి, తెల్లంగి, నున్నగ దువ్విన జుట్టు, చేతుల ఎప్పటికి ఒక నల్ల డబ్బా. గదే కెమెరా. అబిడ్స్ల ఒక తెల్లదొర సామాన్లు అమ్ముకొని దేశం పోతుంటె కొన్నడు. కొన్ననాడు జీతమంత దానికే పోయింది, నెలంత నా టిఫిన్ డబ్బలనే చెయ్యి పెట్టిండు.

మరి అంత పెట్టి కొన్నోడు ఏం ఫొటోలు దించాలె? చార్మినార్ దించాలె, దర్బారుకు పొయ్యే మోటార్లు దించాలె. ఈయనేమో మా వాకిట్ల దండెం మీద ఆరేసిన బొంత దించిండు. మా మేనమామ సగం గడ్డం గీసుకొని సగం సబ్బుతోని ఉంటె దించిండు. మామ ఆరు నెలలు ఆయనతోని మాట్లాడలె. 'పెండ్లిల దించమంటె రీలు లేదంటడు, గడ్డం గీసుకుంటె దించుతడు, వీని బుద్ధి గాడిదలు కాయ' అని తిట్టిండు. నేను గూడ అడిగిన, ఏందిర హెర్బర్ట్, బొంత ఫొటో ఎవడన్న చూస్తడా అని. 'శ్యామ్, చార్మినార్ ఏడికి పోదుర. బొంతనే చినిగిపోతది' అన్నడు. గప్పుడు నాకర్థం గాలె. రీలు చూస్తెనేమో ఎనిమిది ఫొటోలది, లడాయిల అది గూడ దొరకది, అబిడ్స్ల ఫొటో దుకాణపాయన చుట్టు నెలలకు నెలలు తిరగాలె. నేను నోటితోని ఎక్కిరించిన గని, రీలు దొరికిననాడు నేనే మిఠాయి తెచ్చేటోణ్ణి.

ఆఁ, అమ్మ ముచ్చట. మా అమ్మ సౌభాగ్య, మీ ముత్తవ్వ, నువ్వు చూడలె. మనిషి మంచిదే గని మడి జాస్తి. హెర్బర్ట్ ఆదివారం చర్చి నుంచి సీద మా ఇంటికే వచ్చేటోడు. వాకిట్ల పీటేసి ఉప్మా పెట్టేది, మంచిగ పెట్టేది, అడగక ముందే మల్ల వేసేది. గని ఆయన పళ్లెం, ఆయన గిలాస వాకిట్ల గూట్లనే వేరే ఉండేటియి. తిన్నంక ఆయనే కడిగి బోర్లేసేటోడు. వంటింటి కడప మాత్రం దాటనియ్యదు. ఆయనేమనుకునేటోడో, ఒక్కనాడు ముఖం మాడ్చుకోలె. నాకే సిగ్గయ్యేది. సిగ్గయ్యేది గని, అమ్మకు చెప్పే ధైర్యం నాకేడిది.

గట్ల ఉండంగ హెర్బర్టుకు కాజీపేట బదిలీ అయింది. ఇగ వారమే ఉన్నదనంగ నాతోని అన్నడు, 'మీ అమ్మను పొయ్యి ముందట ఒక్క ఫొటో దించుకుంటర.' ఎందుకంటె చెప్పిండు. ఆయనకు నాలుగేండ్లప్పుడు వాళ్లమ్మ పోయింది, ఫొటో లేదు, ముఖం యాదికి లేదు. పొయ్యి ముందట ఒంగి కూసున్నట్టు మాత్రం యాదికున్నదట. అంతే. గది విన్నంక నేను కాదంటనా. పోయి అమ్మనడిగిన. 'ఫొటో దిగితె ఆయుష్షు తరుగుతది' అన్నది. మల్ల తానే, 'పట్టుచీర కట్టుకొని తులసి కాడ నిలవడుత' అన్నది. వద్దమ్మా, పొయ్యి కాడనే, గీ చీరెలనే అంటె, 'మసిగుడ్డ లెక్క ఉన్న, గిదేం సరదార మీది' అని నవ్వింది. ఆఖరికి, 'ఆ డబ్బా కడప దాటొద్దు, మరి' అని ఒప్పుకున్నది.

వంటింట్ల చీకటి. హెర్బర్ట్ అన్నడు, పది లెక్కవెట్టేదాక మనిషి కదలొద్దు అని. మా అమ్మ కదలకుండ ఉండుడా? నిద్రల గూడ గాజులు మోగేటియి. అప్పుడు ఆయనకే తట్టింది. పాలు పొంగే టైముకు చూడు, రెప్ప గూడ వెయ్యదు అన్నడు. నిజమే. పాలు పొంగి పొయ్యిల పడుతె అరిష్టమని, గిన్నె మీద చూపు పెట్టి, చేతుల గుడ్డ పట్టుకొని బొమ్మ లెక్క కూసునేది. కడపకు ఇవుతల పీట మీద కెమెరా పెట్టి మీట నొక్కి పట్టిండు. ఒకటి, రెండు, మూడు... పది. ఏడో ఫొటో అది. ఇగ నా పనేంది, రీలు ముందుకు జరిగేటట్టు కెమెరా పక్కనున్న చెవి తిప్పాలె. వెనక చిన్న ఎర్రద్దం ఉంటది, దాంట్ల ఎనిమిది కనవడేదాక తిప్పాలె. అంతే పని. గప్పుడే అమ్మ 'పొంగినయ్ పొంగినయ్, నీళ్లు చల్లుర' అని ఒర్రింది. నేను ఉరికిన. నీళ్లు చల్లి వచ్చేసరికి హెర్బర్ట్ వాకిలి పక్క సాయమాన్ల, నల్ల తలుపు ముందట, పళ్లెం పట్టుకొని కూసున్నడు. నిన్నొకటి దించుతర, మల్ల ఎప్పుడొస్తవో అన్న. 'చెవి తిప్పినవా?' అన్నడు. తిప్పిన అన్న. ఎందుకన్ననో, నోటికొచ్చింది అన్న. అని, మీట నొక్కిన.

వారమైనంక, బండెక్కే పొద్దుగాల, అబిడ్స్ల కడిగిచ్చిన ఫొటోలు పట్టుకొచ్చిండు. ఎనిమిదోది లేనే లేదు. ఏడో దాని మీదనే రెండూ పడ్డయి. గిదిగో, గిదే. అమ్మ పాలగిన్నె చూస్కుంట, ఆమె ముందట, పొయ్యి పక్కన, హెర్బర్ట్ పళ్లెం పట్టుకొని. ఆమె వడ్డిస్తున్నట్టే, ఈయన తింటున్నట్టే. ఉన్న ఒక్క ఫొటో ఖరాబు చేసిన, ఇంకో రీలు లేదు, ఆయన పోతున్నడు. దానికి తోడు ఇది అమ్మ చూస్తె ఏమంటదో. 'చూపియ్యకు' అన్నడు హెర్బర్ట్. 'ఆమెకు బాధయితది.' గుస్స నా మీద జేయాలె గద, గది లేదు, అమ్మకు బాధయితదని ఫికర్.

అమ్మ రానే వచ్చింది, గుంజుకున్నది, వెలుగుల పెట్టి చూసింది. 'ఏం ఎర్బట్టూ' అన్నది, ఆమెకు నోరు తిరగది, 'నా పొయ్యి కాడికి ఎప్పుడొచ్చినవు?' ఆయన, 'అమ్మా, తప్పయింది, నేను రాలె, అది రీలు...' అని నసుగుతున్నడు. చెవి తిప్పంది నేను, తప్పు ఒప్పుకునేది ఆయన. అమ్మ లోపలికి పోయింది. అయిపోయింది అనుకున్న. ఇంతల పీట చప్పుడు. వంటింట్ల పీటేసింది, పొయ్యి పక్కన, సరిగ్గ ఫొటోల ఆయనున్న జాగల. 'రా' అన్నది. హెర్బర్ట్ కడప కాడ నిలవడ్డడు, కాలు లేవలె. 'ఫొటోల దాటేటప్పుడు నన్నడిగినవా? ఇప్పుడేంది మరి, బండికి టైమయితలేదా' అన్నది. దాటిండు. గూట్ల పళ్లెం గూట్లనే ఉన్నది, మా పళ్లెంలనే పెట్టింది. రెండు ముద్దలు తిని తలవంచిండు. 'కారమెక్కువైందా' అన్నది అమ్మ. ఔ అన్నడు. ఉప్మాల కారమేడిది బిడ్డా.

మొన్న కాదు, అటు మొన్న... ఏండ్లయింది లే, హెర్బర్ట్ పోయిండని కాజీపేట పోయిన. గోడకు ఇదే ఫొటో, పెద్దగ చేయించి పెట్టుకున్నడు. ఆయన బిడ్డ ప్రేమలీల, వచ్చినోళ్లందరికి చూపిస్తున్నది. 'మా నాయిన, మా నాయినమ్మ' అంటున్నది. నేను వింటనే ఉన్న. కాదని ఎట్లంట.

...ఏంది? ఏం లేదు. పొయ్యి మీద పాలు పెట్టినవు గద, పో, చూసుకో.