చందమామ నుంచి వచ్చిన రేకు మనిషి

టోక్యోలో బొమ్మలు చేసేవాళ్ల సందు చివర ఇనారి దేవుడి గుడి ఉంది. అక్కడి రాతినక్కల ముందు వేయించిన టోఫూ ముక్క పెట్టి దండం పెట్టుకోనిదే ముసలి బొమ్మల పనివాడు తొకుమాత్సు తాత నోరు విప్పడు. విప్పాడా, ఇక మూయడు. ఆయన కోతలు విని ఆ దేవుడు కూడా నవ్వుకునే ఉంటాడు, పాపం, కోప్పడి ఉండడు.

ఆ సాయంత్రం గుడి పక్కనే, ముల్లంగీ గుడ్లూ ఉడికించి అమ్మే మరదలు ఉమెనో బండి దగ్గర బల్ల మీద చేరాడు తాత. పాత బొమ్మల పుట్టుపూర్వోత్తరాలు వెతికే హిరోసె ఒక రేకు మరమనిషిని ఆయన ముందు పెట్టాడు.

"దీని రూపం ఎవరు గీశారు తాతగారూ? మ్యూజియంలో పేరు రాయాలి."

ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాడు తాత.

"ఇంకెవరు బాబూ, నేనే! స్నానాలశాల పొగగొట్టం పూడిపోతే మసి దులపడానికి ఎక్కానా, లోపల్నుంచి ఆవిరి ఒక్క తన్ను తన్నింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చందమామ మీద తేలాను!"

"చెప్పులతోనేనా?" అన్నాడు చేపల కొట్టు కంజి.

"ఒంటి చెప్పుతో! రెండోది అక్కడే ఉండిపోయింది, పున్నమినాడు చూడు, కనిపిస్తుంది. సరే, అక్కడ ఎటు చూసినా ఈ మరమనుషులే. టీ పోశారు. వాళ్ల రాజు తన కూతుర్నిచ్చి చేస్తానన్నాడు. ఇంటి దగ్గర మా ఆవిడ కియో ఉంది మహాప్రభో అని కాళ్ల మీద పడ్డాను. పోనీ ఇదైనా పట్టుకెళ్లమని ఓ చుట్ట రేకు ఇచ్చాడు. ఇది ఆ రేకే!"

హిరోసె బొమ్మను తలకిందులు చేసి లోపలికి చూశాడు. "లోపల అనాసపండు బొమ్మ ఉందేంటండీ?"

"చందమామలో అనాస పండదనుకున్నావా?"

అందరూ ఘొల్లుమన్నారు. యుద్ధం అయ్యాక అమెరికా సైనికులు తిని పారేసిన పండ్ల డబ్బాలను, అచ్చేసిన వైపు లోపలికి వచ్చేలా తిరగేసి బొమ్మలు చేసిన సందు అది.

హిరోసె కీ ఇచ్చి వదిలాడు. కుడికాలు టక్కుమంది, ఎడమకాలు సర్రుమని ఈడ్చుకుంది.

"దొరికినవన్నీ ఇలాగే కుంటుతున్నాయి. అచ్చులో తప్పా?"

"తప్పేంటి! అక్కడి నేల అంత మెత్తన. అందరిదీ అదే నడక. రాజుదీ అదే, రాజు కూతురిదీ..."

ఉమెనో గరిటె కింద పెట్టింది.

"చాల్లే బావా. చందమామ సంగతి నాకు తెలీదు గానీ, ఈ సందులో అలా నడిచింది ఒక్కర్తే. పోయిన మా కియో అక్క. మధ్యాహ్నం నీ షెడ్డుకి అన్నం గిన్నె తెస్తుంటే, మనిషి కనపడకముందే ఆ చప్పుడు వినపడేది."

నవ్వులు ఆగిపోయాయి. తాత బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు.

"మరి ఎవరి పేరు రాయమంటారు?" మెల్లగా అడిగాడు హిరోసె.

తాత బొమ్మను బల్ల ఆ చివరన పెట్టి, నిండా కీ తిప్పి వదిలాడు.

"కియో అని రాయి బాబూ."

టక్కు, సర్రు. టక్కు, సర్రు. చప్పుడు దగ్గరికొస్తోంది. తాత కళ్లు మూసుకుని, పక్కన ఇంకో మనిషికి చోటుండేలా కాస్త జరిగి కూర్చున్నాడు.